వ్యవసాయ కూలీలు: వేతన రక్షణ, హక్కులు

పరాయి పొలంలో చేసే పని మీద బతుకు నడిచే గ్రామీణులను వ్యవసాయ కూలీలు అంటారు. నాట్లు వేసేవారు, కలుపు తీసేవారు, పత్తి ఏరేవారు, మిరపకాయలు కోసేవారు, మందు కొట్టేవారు, ఏడాది జీతానికి కుదిరిన పాలేర్లు అందరూ ఇందులోకి వస్తారు. 1951 జనగణనలో దేశం మొత్తం మీద సాగుదారులు దాదాపు 7 కోట్ల మంది, వ్యవసాయ కూలీలు 2.73 కోట్ల మంది. 2011 నాటికి లెక్క తిరగబడింది: సాగుదారులు 11.88 కోట్లు, కూలీలు 14.43 కోట్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ తేడా ఇంకా పెద్దది. సాగుదారులు 65 లక్షల మంది ఉంటే కూలీలు కోటీ 70 లక్షలకు కాస్త అటూ ఇటూగా తేలారు. వ్యవసాయ విధానం అనగానే పాసుపుస్తకం చేతిలో ఉన్న రైతు గుర్తుకు వస్తాడు. తెలుగు నేల మీద ఏ కారులోనైనా పొలంలో వంగి పని చేస్తూ కనిపించేది ఎక్కువగా పాసుపుస్తకం లేని మనిషే.

ఈ మనిషి కోసం చేసిన చట్టాలు తక్కువేమీ కావు. కనీస వేతనాల చట్టం 1948లోనే వచ్చింది. వెట్టిచాకిరీని రాజ్యాంగమే 23వ అధికరణంలో నిషేధించింది. స్త్రీ పురుషులకు సమాన వేతనమన్న చట్టం 1976లో వచ్చింది. వ్యవసాయ కార్మికుల సంఘ హక్కుపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లో చేసిన ఒడంబడికను భారతదేశం 1923లోనే ఆమోదించింది. అయినా కూలి ఎక్కడ పెరిగింది, ఎప్పుడు పెరిగింది అని చూస్తే చట్టం పుట్టిన తేదీకీ కూలి పెరిగిన తేదీకీ పొంతన కుదరదు. పొంతన మరో చోట కుదురుతుంది. ‘ఈ కూలికి నేను రాను’ అని చెప్పి కూడా ఆ రాత్రి ఇంట్లో పొయ్యి వెలిగించుకోగల స్థితి కూలీకి ఎక్కడ వచ్చిందో అక్కడ కూలి పెరిగింది. ఆ స్థితిని ఇచ్చిన చట్టాలు పనిచేశాయి. దాని జోలికి పోకుండా రేటు మాత్రం ప్రకటించిన చట్టాలు గెజిట్‌లోనే ఉండిపోయాయి. ఈ వ్యాసం చెప్పదలచినది ఇదే.

కాదనే వీలును పూర్తిగా తీసేస్తే ఏమవుతుందో నిజాం పాలనలోని తెలంగాణ చూపించింది. అక్కడ వెట్టి ఒక రకం నిర్బంధం, భగేలా మరో రకం. వెట్టిలో కులవృత్తుల వారు, దళితులు దొరకూ ప్రభుత్వోద్యోగులకూ కూలి లేకుండా పని చేసిపెట్టాలి. భగేలాలో మనిషిని కట్టి పడేసేది అప్పు. పెళ్లికో కరువుకో తీసుకున్న కొద్దిపాటి సొమ్ముకు మనిషి దొర పొలంలో జీతానికి చేరేవాడు. ఆ జీతం వడ్డీకే చాలేది కాదు. తండ్రి చేసిన అప్పుకు కొడుకు అదే గడప ఎక్కేవాడు. హైదరాబాదు ప్రభుత్వం 1936లో భగేలా ఒప్పందాలకు హద్దులు పెడుతూ ఒక నిబంధన తెచ్చింది. గ్రామంలో దాన్ని అమలు చేయవలసిన పటేలూ పట్వారీ దొర మనుషులే కావడంతో అది ఊళ్ల దాకా చేరలేదు. ఆంధ్ర మహాసభ సంఘాలు బలపడి, 1946 జూలై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య హత్య తర్వాత పోరాటం సాయుధ రూపం తీసుకున్నాక పరిస్థితి మారింది. సంఘం ఉన్న ఊళ్లలో వెట్టి ఆగిపోయింది, పాలేర్ల జీతాలు, కూలిరేట్లు పెరిగాయి. దాదాపు 3 వేల గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచామని పోరాట నాయకులు రాసుకున్నారు. 1948 తర్వాత ఆ భూమిలో చాలా భాగం పాత యజమానుల చేతికే తిరిగి వెళ్లింది. వెట్టి మాత్రం పాత రూపంలో మళ్లీ నిలదొక్కుకోలేకపోయింది. పుష్కరం కిందటి ఫర్మానాలకు సాధ్యం కానిది నాలుగైదేళ్లలో ఎలా అయిందంటే, పని మానేసినవాణ్ణి దండించే శక్తి దొరకు పోయింది గనుక.

కోస్తా డెల్టాల్లో కథ వేరు. కాలువ నీళ్ల కింద వరి సాగు విస్తరించిన కొద్దీ నాట్లకూ కోతలకూ ఒకేసారి వందల చేతులు కావలసి వచ్చాయి. కూలి ఎక్కువగా గింజల్లో ముట్టేది. కొలిచేవాడు రైతే, కుంచం రైతుదే. నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుచ్చలపల్లి సుందరయ్య 1930ల తొలినాళ్లలో వ్యవసాయ కూలీలను సంఘటితం చేసినప్పుడు వచ్చిన కోరికల్లో కూలి పెంపుతో పాటు కొలత న్యాయంగా ఉండాలన్నదీ ఉండడం సహజం. డెల్టాలో కూలీకి ఒక అనుకూలత ఉంది: పంట పండి నిలబడిపోతే రైతు పది రోజులు కూడా ఆగలేడు. కోతల ముందు పని ఆపడమే కూలీ సంఘాల ప్రధాన ఆయుధమైంది. అదే ఆయుధం ఎంత ప్రమాదకరమో తమిళనాడులోని తూర్పు తంజావూరు చూపింది. కోత కూలిలో కొద్దిపాటి ధాన్యం పెంచమని అడిగినందుకు మొదలైన తగాదా 1968 డిసెంబరు 25 రాత్రి కీళ్‌వెణ్మణిలో 44 మంది దళితుల సజీవ దహనంతో ముగిసింది. చనిపోయినవారిలో ఎక్కువ మంది స్త్రీలు, పిల్లలు. భూస్వాములను హైకోర్టు విడిచిపెట్టింది. ఆ దహనకాండ జరిగిన మరుసటి ఏడాది, 1969లో, తమిళనాడు ప్రభుత్వం వ్యవసాయ కూలీల న్యాయ వేతనాల చట్టం చేసింది. ఆ చట్టం వెనుక 44 ప్రాణాలున్నాయని మరచిపోయి దాని సెక్షన్ల గురించి మాట్లాడడం తగదు.

1948 నాటి కనీస వేతనాల చట్టం వ్యవసాయాన్ని మొదటి నుంచీ తన పరిధిలోనే ఉంచుకుంది. వేతనం నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వం. ఐదేళ్లకు మించకుండా సవరించాలని అందులో ఉండేది. తక్కువ ఇచ్చిన యజమానికి ఆరు నెలల జైలు గానీ 500 రూపాయల జరిమానా గానీ రెండూ గానీ పడే వీలుండేది. 1948లో 500 చిన్న మొత్తం కాదు. కానీ డెబ్బై ఏళ్లు దాటినా ఆ అంకె కదలలేదు. సుప్రీంకోర్టు మాత్రం చట్టం కన్నా ముందుకు వెళ్లింది. ఏషియాడ్ నిర్మాణ కూలీల కేసులో, 1982లో, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమే అవుతుందని చెప్పింది. ఆకలి కూడా నిర్బంధమే, వేరే దారి లేక ఒప్పుకున్న ఒప్పుదలను స్వేచ్ఛ అనలేమన్నది ఆ తీర్పులోని తర్కం. మరుసటి ఏడాది సంజిత్ రాయ్ కేసులో, కరువు పనులకైనా ప్రభుత్వం కనీస వేతనం తగ్గించి ఇవ్వరాదని రాజస్థాన్ ప్రభుత్వానికి తేల్చి చెప్పింది. వ్యవసాయ కూలీ స్థితిని ఇంత సూటిగా పట్టుకున్న మాట మన న్యాయశాస్త్రంలో అరుదు. ఊళ్లో పనిచ్చే ఇల్లు ఒకటో రెండో ఉన్నప్పుడు, కూలీ ఏ రేటుకు ఒప్పుకున్నా దాన్ని ఇద్దరు సమానుల బేరంగా చూడలేం.

తీర్పు సరైనదే. మరి పొలం గట్టు దాకా ఎందుకు రాలేదు? ఫ్యాక్టరీకి గేటు, హాజరు పుస్తకం, జీతాల పట్టీ ఉంటాయి. పొలంలో ఈ రోజు ఒక రైతు దగ్గర, రేపు మరొకరి దగ్గర పని. రాత ఉండదు, సాక్ష్యం ఉండదు. ఒక సహాయ కార్మిక అధికారి పరిధిలో పదుల ఊళ్లుంటాయి. ఇవన్నీ నిజమే గానీ అసలు అడ్డంకి వేరు. ఫిర్యాదు చేయవలసినవాడు రేపు మళ్లీ అదే రైతు పిలుపు కోసం ఎదురుచూడాలి. ఆ రైతే చాలాసార్లు అప్పు ఇచ్చినవాడు, గేదెకు గడ్డి కోసుకోనిచ్చినవాడు, ఊరి పెద్ద కూడా. కులం దీన్ని మరింత బిగిస్తుంది. 2011 జనగణన ప్రకారం పని చేసే దళితుల్లో దాదాపు 46 శాతం వ్యవసాయ కూలీలే. చుండూరులో 1991 ఆగస్టు 6న దళితుల ఊచకోతకు ముందు వారిపై సాంఘిక బహిష్కరణ నడిచింది. పొలం పనికి పిలవకపోవడం ఒక శిక్ష కాగలదని చట్టం గుర్తించడానికి చాలా కాలం పట్టింది: ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో గానీ ఆర్థిక బహిష్కరణ నేరంగా చేరలేదు. వేతన హక్కును రక్షించే చట్టాల జాబితాలో ఈ సవరణను ఎవరూ చెప్పరు. నా అంచనాలో కనీస వేతనాల చట్టం కన్నా అది సమస్య మూలానికి దగ్గరగా ఉంది.

కనీస వేతనం ఎంత ఉండాలన్న లెక్క కూడా తేలని వివాదమేమీ కాదు. 1957లోనే 15వ భారత కార్మిక సదస్సు సూత్రం చెప్పింది: కుటుంబంలో మూడు వినియోగ యూనిట్లు, తలకు 2,700 కేలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, దీపం వగైరాలకు మరికొంత. పిల్లల చదువు, వైద్యం వంటివాటికి ఇంకో 25 శాతం కలపాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ సూత్రాన్ని సవరించి లెక్కగట్టిన అనూప్ సత్పతి కమిటీ 2018 జూలై ధరల్లో జాతీయ స్థాయిలో రోజుకు 375 రూపాయలు ఉండాలని 2019లో సిఫారసు చేసింది. అప్పటికి కేంద్రం సూచించే జాతీయ కనీస స్థాయి 176. కమిటీ నివేదిక తర్వాత దాన్ని 178 చేశారు. రెండు రూపాయలు! 1990-91లో సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన పనిచేసిన జాతీయ గ్రామీణ కార్మిక కమిషన్ వ్యవసాయ కూలీలకు ప్రత్యేకంగా కేంద్ర చట్టం కావాలని చెప్పింది. ముసాయిదాలు తయారయ్యాయి గానీ ఆ చట్టం ఇప్పటికీ రాలేదు. బదులుగా 2019లో వేతనాల కోడ్ వచ్చి, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అందులో మేలు లేకపోలేదు. క్లెయిమ్ వేసుకునే గడువు ఆరు నెలల నుంచి మూడేళ్లకు పెరిగింది. వేతనం ఇచ్చానని రుజువు చేసే భారం యజమాని మీద పడింది. జరిమానా 50 వేల దాకా వెళ్లింది. అయితే ఐదుగురికి మించకుండా వ్యవసాయ పనికి పెట్టుకున్న యజమాని రిజిస్టర్లు రాయనక్కరలేదు, అడిగినప్పుడు చెల్లింపుకు తగిన రుజువు చూపితే చాలు. చిన్న రైతు నెత్తిన కాగితాల బరువు వద్దన్న ఉద్దేశం అర్థమవుతుంది. ఫలితంగా కూలీకి తన పనిని చూపే కాగితం ఏదీ మిగలదు.

కేరళ అనుభవం ఇక్కడ ఆగి చూడదగినది. రిజర్వ్ బ్యాంకు ప్రచురించిన లెక్కల ప్రకారం 2022-23లో పురుష వ్యవసాయ కూలీకి కేరళలో రోజుకు సగటున 764 రూపాయలు ముట్టాయి. దేశ సగటు 346, మధ్యప్రదేశ్‌లో 229. దీనికి కారణం 1974 నాటి కేరళ వ్యవసాయ కార్మికుల చట్టమని తరచూ చెబుతారు. పని భద్రతకూ భవిష్య నిధికీ తగాదాల పరిష్కారానికీ ఏర్పాట్లు చేసిన మంచి చట్టమది. కానీ దానికి నాలుగేళ్ల ముందే మరో మార్పు వచ్చింది. 1970 నుంచి అమలైన భూసంస్కరణల్లో, భూస్వామి స్థలంలో గుడిసె వేసుకుని ఉంటున్న కుడికిడప్పుకారులకు ఆ గుడిసె జాగా సొంతమైంది. గ్రామాల్లో పది సెంట్లు. సాగుకు చాలేంత కాదు గానీ, కూలి అడిగితే గుడిసె పీకించేస్తానన్న బెదిరింపు ఆ రోజుతో పోయింది. 1980లో వ్యవసాయ కార్మికుల పింఛను మొదలైంది. పల్లె పల్లెకూ రేషన్, బడి, ఆస్పత్రి చేరాయి. గల్ఫ్ దారి తెరుచుకుంది. ఇవన్నీ కలిసి కేరళ కూలీకి కాదనే బలాన్ని ఇచ్చాయి, చట్టం ఆ బలానికి రూపం ఇచ్చింది. దీనికి ఎదురుగా వచ్చే అభ్యంతరం బలమైనదే: 1970ల మధ్యలో 8.8 లక్షల హెక్టార్లలో ఉన్న కేరళ వరి సాగు ఇప్పుడు 2 లక్షల హెక్టార్ల దరిదాపుల్లో ఉంది. కూలి పెరగడం దీనికి ఒక కారణమని ఒప్పుకోవాలి. రబ్బరుకూ కొబ్బరికీ వచ్చిన ధరలు, ఇంటి స్థలాలుగా వరి పొలాలకు పలికిన వెల, తక్కువ ధరకు దిగిన ధాన్యం కూడా కారణాలే. వరి మడి తగ్గిపోవడం నష్టం. ఆ నష్టాన్ని ఆపే ఖర్చు సమాజం భరించాలి గానీ, కూలీ సగం కడుపుతో భరించాలనడానికి న్యాయం లేదు.

తెలుగు నేల మీద వెట్టి కార్మిక నిర్మూలన చట్టం కూడా ఇదే పాఠం చెప్పింది. 1975 అక్టోబరు ఆర్డినెన్సు, 1976 చట్టం కలిసి కట్టు బానిసత్వపు అప్పులన్నిటినీ ఒక్క వేటుతో రద్దు చేశాయి. కాగితం మీద ఆ రోజే లక్షల మంది విముక్తులు. మరునాడు ఏం తినాలన్నది మిగిలిన ప్రశ్న. ఆంధ్రప్రదేశ్‌లో సాంఘిక సంక్షేమ శాఖను నడిపిన ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారులు విడుదలతో పాటు భూమి, పశువులు, పునరావాసం కావాలని పట్టుబట్టింది అందుకే. హైదరాబాదుకు కూతవేటు దూరంలోని ఇబ్రహీంపట్నం తాలూకాలో 1980ల మధ్యలో ఏర్పడిన వ్యవసాయ కూలీ సంఘం జీతగాళ్ల విడుదలతో, కూలితో మొదలుపెట్టి చివరికి భూమి దగ్గరకు చేరింది. పునరావాసం లేకుండా విడుదలైనవాడు మళ్లీ అప్పు కోసం అదే గడప ఎక్కిన ఉదాహరణలు దేశమంతటా ఉన్నాయి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మొదలుపెట్టిన కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని కూడా ఈ వరుసలోనే చూడాలి. ఖజానా మీద భారమని దాన్ని విమర్శించినవారు చాలామంది. వానలు పడని నెలల్లో తిండిగింజల కోసం రైతు దగ్గర చేసే అప్పు, ఆ అప్పుకు బదులు సీజన్‌లో తక్కువ కూలికి వస్తానన్న మాట, ఈ గొలుసును ఆ బియ్యం వదులు చేశాయి. అది ఏ వేతన చట్టంలోనూ లేని వేతన రక్షణ.

ఈ వాదనకు అన్నిటికన్నా గట్టి రుజువు ఉపాధి హామీ పథకం నుంచి దొరికింది, అదీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచే. 2005 నాటి చట్టం కింద 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లెలో పథకం మొదలైంది. ఇంటికి ఏడాదికి 100 రోజుల పని, పదిహేను రోజుల్లో కూలి, పనిలో కనీసం మూడో వంతు స్త్రీలకు. జనం దీన్ని కరువు పని అనే పిలుచుకున్నారు. 2010 నుంచి ప్రభుత్వం కూలి చెల్లింపులకు వేలిముద్రల స్మార్ట్ కార్డులు తెచ్చినప్పుడు, ఏ మండలాల్లో ముందు, ఏ మండలాల్లో వెనక అన్నది లాటరీ పద్ధతిన తేల్చారు. ఎనిమిది జిల్లాల్లో 157 మండలాలు, దాదాపు కోటీ 90 లక్షల జనాభా. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ ఈ రెండు రకాల మండలాలను పోల్చి చూశారు. ముందు కార్డులు వచ్చిన చోట్ల కూలి త్వరగా, తక్కువ కోతలతో చేతికి వచ్చింది. అక్కడ పథకంలో ఉన్న కుటుంబాల ఆదాయం 14 శాతం పెరిగింది. ఇంతవరకు ఊహించదగినదే. ఊహించనిది ఏమిటంటే, ఆ పెరుగుదలలో 86 శాతం ఉపాధి పని నుంచి రాలేదు. రైతుల పొలాల్లో, ఇతర ప్రైవేటు పనుల్లో దొరికిన కూలి పెరగడం వల్ల, ఆ పని కూడా పెరగడం వల్ల వచ్చింది. ప్రభుత్వ ఖర్చేమో పెరగలేదు. ఇంతకు తక్కువైతే పనికి రాలేనని కూలీలు చెప్పే మొత్తమే పైకి జరిగింది. భూమి కొద్దిమంది చేతిలో పోగుపడిన ఊళ్లలో పని ఎక్కువగా పెరిగింది.

ఈ చివరి విషయం దగ్గర కాస్త నిలవాలి. కూలి పెంచితే పని తగ్గుతుందన్నది అర్థశాస్త్రం మొదటి పాఠాల్లో చెప్పే మాట. పనిచ్చేవారు చాలామంది ఉండి, ఒకరితో ఒకరు పోటీ పడేచోట అది నిజం కావచ్చు. పెద్ద భూస్వాములు ఇద్దరు ముగ్గురే ఉన్న ఊళ్లో వారు కావాలనే తక్కువ మందిని పెట్టుకుని కూలిని అణచి ఉంచగలరు. ఆ పట్టు సడలితే కూలి పెరుగుతుంది, పని దినాలూ పెరుగుతాయి. నష్టపోయేది భూమి మీద వచ్చే మిగులు. అధ్యయనంలో అదే కనిపించింది. దశాబ్దాలుగా కూలీ సంఘాలు తమ అనుభవంతో చెబుతున్నది కోటి మందికి పైగా జనం ఉన్న ప్రాంతంలో కొలిచి చూస్తే నిజమని తేలింది.

ఉపాధి హామీ దానంతటదే నడవలేదు. 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన సామాజిక తనిఖీల్లో ఊరి యువత మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, రాసిన రోజులకూ చేసిన రోజులకూ తేడా లెక్కగట్టి, మండల కేంద్రంలో అందరి ముందు చదివి వినిపించారు. 2012లో దీనికి రాష్ట్ర చట్టం కూడా వచ్చింది. తినేసిన సొమ్ము అంతా తిరిగి రాలేదు. కూలీ నిలబడి అధికారిని లెక్క అడగడం ఊళ్లో మామూలు విషయమైంది, దాని విలువను వసూలైన రూపాయలతో కొలవలేం. బలహీనతలూ ఉన్నాయి. 2009 జనవరి నుంచి పథకం కూలిని కేంద్రం కనీస వేతనాల చట్టంతో సంబంధం లేకుండా విడిగా ప్రకటిస్తూ వచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2025-26కు అది 307 రూపాయలు. సంజిత్ రాయ్ తీర్పు ఉండగా ప్రభుత్వమే కనీస వేతనానికి దిగువన పని చేయించవచ్చా అన్న ప్రశ్న కర్ణాటక హైకోర్టు దాకా వెళ్లింది. అక్కడ కూలీల పక్షాన తీర్పు వచ్చినా కేంద్రం తన రేట్లను ఆ సూత్రానికి ముడిపెట్టలేదు.

స్త్రీల కూలి దగ్గరకు వస్తే అసలు లోపం రేటు కన్నా పని విభజనలో ఉంది. నాట్లు, కలుపు, ఏరుడు ఆడవాళ్ల పని అంటారు. దుక్కి, మందు కొట్టడం, మోత మగవాళ్ల పని అంటారు. రెండిటికీ వేర్వేరు రేట్లు పెట్టి, పని వేరు కనుక కూలి వేరు అని సమర్థిస్తారు. సమాన పనికి సమాన వేతనం అన్న చట్టం ఈ గోడ దగ్గర ఆగిపోతుంది. నడుము వంచి రోజంతా బురదలో నాటు వేయడం బస్తా మోయడం కన్నా తేలిక అని నిర్ణయించింది ఎవరు? ఉపాధి పనిలో ఇద్దరికీ ఒకే రేటు. దేశవ్యాప్తంగా పని దినాల్లో సగానికి పైగా స్త్రీలవే కావడం యాదృచ్ఛికం కాదు. నాట్లలో ఇప్పుడు ఎకరా లెక్కన గుత్తకు ఒప్పుకోవడం పెరిగింది. గుత్తలో రోజు కూలి ఎక్కువ గిట్టవచ్చు, పని గంటలకు మాత్రం హద్దు ఉండదు, ముసలివారూ బాలింతలూ ముఠా నుంచి జారిపోతారు. రాష్ట్రాలు కనీస వేతనాన్ని రోజు లెక్కన ప్రకటిస్తే చాలదు, ఎకరా నాటుకూ క్వింటా పత్తికీ ఎంతో కూడా చెప్పాలి.

పొలం పనిలోని ప్రమాదాలు లెక్కలోకే రావు. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర మిరపకాయలు ఏరడానికి కూలీలను తీసుకెళ్తున్న ట్రాక్టర్ కాలువలో పడి తొమ్మిది మంది చనిపోయారు. అంతకుముందు ఏడాది మహారాష్ట్రలోని యవత్మాల్‌లో పత్తికి పురుగుమందు కొడుతూ ఇరవై మంది దాకా ప్రాణాలు కోల్పోయారు. కూలీని పనికి తీసుకెళ్లే బండి, అతను పీల్చే మందు ఎవరి బాధ్యత అన్నది ఇంకా తేలలేదు. వలస కూలీకి ఈ అనిశ్చితి రెండింతలు. ఒకప్పుడు పాలమూరు కూలీలు మేస్త్రీల వెంట దేశమంతా తిరిగారు. ఇప్పుడు ఛత్తీస్‌గఢ్ నుంచి మిరప కోతలకు ఖమ్మం, ములుగు వైపు వస్తున్నారు, బీహార్ నుంచి ముఠాలు తెలంగాణ వరి నాట్లకు దిగుతున్నాయి. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఐదుగురు ఉంటే వర్తించేది. కొత్త కోడ్‌లో ఆ సంఖ్య పది అయింది. నాట్ల ముఠాలు చాలావరకు ఈ గీతకు అటూ ఇటూ ఊగుతూ ఉంటాయి.

అన్ని అభ్యంతరాల్లోకీ గట్టిది చిన్న రైతు పేరిట వచ్చేది. రెండెకరాల రైతుకు గిట్టుబాటు ధర లేదు, పెరిగిన కూలి అతణ్ణి ముంచుతుంది అంటారు. రైతు కష్టం నిజం. అయితే 2022లో వ్యవసాయ రంగంలో ఆత్మహత్య చేసుకున్నవారిలో రైతులు 5,207 మంది, కూలీలు 6,083 మంది అని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. ఒకరిని బతికించడానికి మరొకరిని పణంగా పెట్టే వాదన ఈ అంకెల ముందు నిలవదు. కూలి పెరిగితే ఆ ఖర్చు ధరలోకి వెళ్లాలి. మద్దతు ధరకు కేంద్రం తీసుకునే సాగు ఖర్చులో కూలి కూడా ఒక పద్దు. 2025-26 వానాకాలం వరికి ఖర్చు క్వింటాకు 1,579గా కట్టి, దానికి ఒకటిన్నర రెట్లుగా 2,369 ధర ప్రకటించారు. కల్లం దగ్గర ఆ ధర రాకపోవడం రైతు సమస్య, దానికి కారణం కూలీ కాదు. ఇంకో పద్దు కూడా ఉంది. డెల్టాలో భూమి సాగు చేసేది చాలావరకు కౌలుదారు. అతని ఖర్చులో కౌలు పెద్ద భాగం, అది పొలంలో దిగనివాడికి ముందే వెళ్లిపోతుంది. ఆ కౌలు రైతే సొంత పని అయ్యాక పక్క పొలంలోకి కూలికి వెళ్తాడు. ‘కూలి పెరిగితే రైతు మునిగాడు’ అనేవారు కౌలు గురించి ఎందుకు అంత గట్టిగా మాట్లాడరన్నది అడగవలసిన ప్రశ్న. ఎకరాల లెక్కన ఇచ్చే సాయంలోనూ ఇదే ధోరణి. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకు వెళ్లింది. 2025 జనవరి 26న భూమిలేని కూలీ కుటుంబాలకు ఏడాదికి 12 వేలు ఇచ్చే ఇందిరమ్మ ఆత్మీయ భరోసా మొదలైంది. కూలీని ప్రభుత్వ లెక్కల్లోకి విడిగా తెచ్చినందుకు ఇది మంచి అడుగు. మొత్తం మాత్రం ఒక్క ఎకరం ఉన్న పట్టాదారుకు, రైతుబంధు స్థానంలో వచ్చిన రైతు భరోసా కింద అందేదానికి సమానం.

మిగిలినది కూలీలు దొరకడం లేదన్న మాట. ఉపాధి పనుల వల్లే ఇలా అయిందని, నాట్ల వేళ, కోతల వేళ పథకాన్ని ఆపాలని రైతు నాయకులు చాలా కాలంగా కోరుతున్నారు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన వికసిత్ భారత్ గ్యారంటీ ఫర్ రోజ్‌గార్ అండ్ ఆజీవికా మిషన్ చట్టం హామీ రోజులను 125కు పెంచుతూనే, విత్తే కాలంలో, కోసే కాలంలో కలిపి ఏడాదికి 60 రోజులు పనులు ఆపేలా రాష్ట్రాలు ముందే ప్రకటించాలని చెప్పింది. పైకి చూస్తే ఎవరికీ నష్టం లేని సర్దుబాటు. ఏటా ఆ 60 రోజుల్లోనే కూలీకి బేరమాడే బలం ఉంటుంది, మిగతా పది నెలల కూలికి కొలబద్ద పడేది కూడా అప్పుడే. అంతేగాక ఆ సీజన్‌లో పొలం కూలి ఉపాధి కూలి కన్నా ఎక్కువగా ఉన్నచోట జనం తమంతట తామే పొలానికి వెళ్తారు, ఆపవలసిన అవసరమే రాదు. ఆపవలసి వస్తోందంటే పొలంలో ఇస్తున్నది ఉపాధి కూలి కన్నా తక్కువని అర్థం. అలాంటిచోట పథకాన్ని ఆపడం తక్కువ కూలికి మనుషులను సమకూర్చడమే. వరికోత యంత్రాలు, కలుపు మందులు వచ్చాక కోతలకూ కలుపుకూ కూలీల అవసరం ఎలాగూ తగ్గింది. నిజంగా చేతులు చాలని పనులు నాట్లు, పత్తి ఏరుడు, మిరప కోత. వాటికి మండలాల వారీగా, పంటల వారీగా తేదీలు ఉంటాయి. రాష్ట్రం మొత్తానికి ఒకే 60 రోజులు ప్రకటిస్తే వరి తక్కువగా ఉన్న అనంతపురం కూలీకి గోదావరి నాట్ల పేరిట పని పోతుంది. కనీసం ఆ తేదీలను ఊరి గ్రామసభ నిర్ణయించాలి. ఆపిన రోజుల్లో పొలం కూలి కనీస వేతనానికి తగ్గలేదని గ్రామసభలో చదివి రాయించాలి. తగ్గిన ఊళ్లో ఉపాధి పనులు మరునాడే తెరవాలి.